పెరటి తలుపుకి మేకులు

జగ్గారావు తన పెరటి తలుపుకి మేకులు కొట్టేసిన రోజున మల్కాపురంలో వాళ్ళ వీధి వీధంతా నవ్వింది. నవ్వదూ మరి! బావి పెరట్లో ఉంది. అంట్లు తోమే బండ పెరట్లో ఉంది. బట్టలారేసే తీగా అక్కడే ఉంది. తలుపు మూసేశాక చెంబుడు నీళ్ళు కావాలన్నా వీధి గుమ్మం దిగి, పక్క సందులోంచి ఇల్లు చుట్టి రావలసిందే.

"ఏటి జగ్గారావూ, దొంగలకి జడిసినావా?" అని ఎదురింటి పోతమ్మ అరుగు మీద నుంచి కేకేసింది.

జగ్గారావు నోట్లో పెట్టుకున్న మేకులు చేతిలోకి తీసుకుని, "దొంగలం మేవేనప్పా. మాకు మేవే జడిసి కొడతన్నాను" అన్నాడు.

పోతమ్మకి అది వేళాకోళంలా వినబడింది. కానీ 1982 వేసవిలో జగ్గారావు ఆడిన మాటల్లో అంత నిజమైనది ఇంకోటి లేదు. ఎందుకో తెలియాలంటే అతని చెల్లెలు అసిరమ్మ సంగతి ముందు చెప్పుకోవాలి.

వాళ్ళది దువ్వాడ అవతల ఒక పల్లె. స్టీలు ప్లాంటు కోసం ఆ భూములు తీసుకునేనాటికే జగ్గారావు పోర్టులో వించి డ్రైవరు. ఓడలోంచి బరువులు పైకెత్తి రేవు మీద దింపే పని. అతని చెయ్యి నెమ్మది, మాటా నెమ్మదే. తల్లి ఎప్పుడో పోయింది. తండ్రి కూడా పోయాక చెల్లెల్ని మల్కాపురం తెచ్చుకుని, భార్య నారాయణమ్మా తనూ కన్నకూతురిలా పెంచారు. పిల్ల చురుకైనది, పాట బాగా పాడేది, ఇంట్లో ఎవరికి తలనొప్పొచ్చినా ముందు దాని ప్రాణమే కొట్టుకునేది.

పదిహేడేళ్ళు వచ్చేసరికి ఆ ప్రేమే పెద్ద గండమైపోయింది. పొద్దున్న వదిన దేవత. కూరలో ఉప్పెక్కువైందని వదిన ఒక్క మాటంటే మధ్యాహ్నానికి అదే వదిన రాక్షసి. స్నేహితురాలు రెండు రోజులు కనబడకపోతే లోకమంతా తనని వెలివేసినట్టే. ఇంట్లో మనిషి రావడం కాస్త ఆలస్యమైతే చాలు, "ఒగ్గేసినారు, నన్ను ఒగ్గేసినారు" అని, తనని వదిలేసి పోయారన్న భయంతో వీధిలోకి పరుగెత్తేది. లోపలి మంట ఓర్చుకోలేక చేతికి గాయం చేసుకునేది. సాయంత్రానికి అంతా చల్లారి, అన్నకిష్టమని ఎండుచేపల పులుసు పెట్టి, వదిన కాళ్ళ దగ్గర కూర్చుని ఏడిచేది. అప్పుడు దాన్ని చూస్తే రాయైనా కరగాల్సిందే.

ఇరుగుపొరుగుకి మాత్రం పని దొరికింది. ఉచితంగా దొరికేది సలహా ఒక్కటే కదా! అమ్మోరు పూనిందన్నారు కొందరు. అమ్మోరికి కోళ్ళు కోశారు, పసుపునీళ్ళు పోశారు. ఇంకొందరు పెళ్ళి చేసెయ్యమన్నారు. పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు అని సామెత చెప్పి నవ్వే జనమే, ఆ సామెతలో మొదటి సగం పట్టుకుని సంబంధం కూడా తెచ్చారు. పరవాడ వైపు కుర్రాడు. ఏడాది తిరక్కుండా అసిరమ్మని పుట్టింట్లో దింపి, ఆమె బియ్యం చెరుగుతుంటే బీడీలు తెచ్చుకుంటానని పెరట్లోంచి వెళ్ళాడు. ఆ బీడీల కొట్టు ఎక్కడుందో గానీ మనిషి మళ్ళీ రాలేదు.

అక్కడితో అసిరమ్మ పూర్తిగా విరిగిపోయింది. డాక్టర్ల దగ్గరికి తిప్పారు. ఒకాయన హిస్టీరియా అన్నాడు, నిద్రమాత్రలిచ్చాడు. ఇంకొకాయన ఇంకో పేరు చెప్పాడు. ఒకచోట తలకి కరెంటు పెట్టారు. కొన్నాళ్ళు మందకొడిగా ఉండేది, మళ్ళీ మొదటికొచ్చేది. వాళ్ళ తప్పని నేననను. చేతిలో ఉన్న మందులే ఎవరైనా ఇస్తారు. కానీ పదిహేడో ఏట మొదలైన ఆ ఆరేళ్ళలో అసిరమ్మ రెండుసార్లు ప్రాణం తీసుకోబోయింది. రెండోసారి ఆసుపత్రి వరండాలో జగ్గారావు గోడకి ఆనుకుని, మూడోసారి దీన్ని దక్కించుకోలేనని తనలో తనే అనుకున్నాడు. అంతకుముందెప్పుడూ అతను అలా ఓడిపోలేదు.

ఆ మాట అతను ఒక్క తాతబాబుకే చెప్పాడు. తాతబాబు ఓడ మీద నిలబడి వించికి చేతిసైగలు చేసేవాడు. పదేళ్ళుగా అతని చెయ్యి చూసే జగ్గారావు బరువు ఎత్తేది, దించేది.

"బావా, సీతమ్మధారలో ఒక డాక్టరమ్మ కొత్తగా బోర్డు కట్టినాదంట. బెంగులూరులో మనసు డాక్టరీ సదివినాదంట. సూది పొడవదంట, మాటాడతాదంట" అన్నాడు తాతబాబు.

"మాటాడడానికి డాక్టరెందుకు బావా? మా యీదిలో అందరూ మాటాడేవోల్లే."

"మీ యీదోల్లు మాటాడతారు. ఆవిడ ఇంటాదంట."

ఆ మాట జగ్గారావుకి తగిలింది. మర్నాడే భార్యనీ చెల్లెల్నీ తీసుకుని సీతమ్మధార బస్సెక్కాడు.

డాక్టర్ భ్రమరాంబ గోదావరి జిల్లా మనిషి. నలభై ఏళ్ళుంటాయి. అద్దె ఇంటి ముందుగదిలో రెండు కుర్చీలు, ఒక గడియారం, కూజా. అసిరమ్మతో ఒంటరిగా చాలాసేపు కూర్చుంది. తర్వాత అన్నావదినల్ని పిలిచి, అసిరమ్మ ఎదురుగానే చెప్పింది.

"దీనికి కొత్త పుస్తకాల్లో ఒక పేరు పెట్టారండీ. బోర్డర్‌లైన్ పర్సనాలిటీ అంటారు. దెయ్యం కాదు, పొగరు కాదు, వేషం అసలే కాదు. మనందరికీ ఒంటి మీద చర్మం ఉంటుంది. మనసు మీద ఆ చర్మం ఈవిడకి పల్చన. మనకి గీసుకున్నట్టుండేది ఈవిడకి కోసుకుపోతుంది."

అసిరమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది. "అంటే నాను సెడ్డదాన్ని కాదా?"

"కాదమ్మా."

ఆ ఒక్క మాటకి అసిరమ్మ ఏడ్చిన ఏడుపు నారాయణమ్మ బతికున్నంతకాలం చెప్పుకుంది. ఆరేళ్ళుగా అందరూ పిల్లకి ఏదో పట్టిందన్నారు, ఏదో తక్కువైందన్నారు. నువ్వు చెడ్డదానివి కాదని ఎవరూ అనలేదు. ఇంట్లోవాళ్ళకి కూడా ఆ మాట చెప్పాలని తట్టలేదు.

"మరి మాత్రలు రాసీండమ్మా" అన్నాడు జగ్గారావు ఆత్రంగా.

"దీన్ని నయం చేసే మాత్ర లేదండీ. అబద్ధం చెప్పను. వారం వారం గురువారం సాయంత్రం నాలుగింటికి ఇక్కడికి రావాలి. మాట్లాడుకోవాలి. ఏళ్ళు పడుతుంది. నేనూ ఈ జబ్బుకి ఇంత పొడుగు వైద్యం ఇదివరకు చెయ్యలేదు. బెంగుళూరులో మా గురువుగారిని అడుగుతూ చేస్తాను. కానీ వారానికి ఒక గంట నాది. మిగతాదంతా మీదే. అందుకని ఒకటడుగుతాను. మీరు డ్యూటీకి ఎలా వెళ్తారు?"

"బస్సు మీదమ్మా."

"బస్సు సంగతి కాదండీ. ఇంట్లోంచి ఎలా బయల్దేరతారు?"

జగ్గారావు నారాయణమ్మ మొహం చూశాడు. నారాయణమ్మ నేల చూసింది. అసిరమ్మే చెప్పింది: "పెరట్లోంచి. సెప్పులు సేతిలో పట్టుకుని. వొదినా అంతే. మా ఇంట్లో మనుసులు ఎల్లరు డాక్టరమ్మా, మాయమైపోతారు."

అదీ అసలు సంగతి. వెళ్ళొస్తానని చెప్తే గొడవ, గుమ్మానికి అడ్డం పడుకుంటుంది. చెప్పకపోతే శాంతి. అందుకని ఆ ఇంట్లో అందరూ పిల్లి అడుగులు నేర్చుకున్నారు. జగ్గారావు షిఫ్టు వారం వారం మారేది. అన్న ఎప్పుడుంటాడో ఎప్పుడుండడో అసిరమ్మకి తెలిసేది కాదు. వాళ్ళని తిట్టకండి. ఈ పని మనమంతా చేసేదే. చంటిదానికి కాకిని చూపించి, అది కాకిని చూస్తుండగా అమ్మ జారుకోవడం మనకెప్పుడైనా తప్పనిపించిందా? అసిరమ్మ నాలుగేళ్ళప్పుడు వాళ్ళమ్మని బండెక్కించి ఆసుపత్రికి తీసుకెళ్తుంటే, పిల్ల ఏడుస్తుందని మేనత్త జోగమ్మ దాన్ని కోడి గుడ్డు పెట్టిందేమో చూసి రమ్మని పంపింది. గుడ్డు గుప్పెట్లో పట్టుకుని తిరిగొచ్చేసరికి అమ్మ లేదు. మళ్ళీ రానూ లేదు.

"ఇదొక్కటే కారణం అననండీ" అంది భ్రమరాంబ. "కొంత పుట్టుకతో వస్తుంది, కొంత బతుకులో వస్తుంది. ఎవరి తప్పూ కాదు. కానీ ఇకమీదట ఈవిడకి చెప్పకుండా గడప దాటకండి. వీధి గుమ్మంలోంచే వెళ్ళండి. ఎక్కడికో, ఎప్పుడొస్తారో చెప్పండి. ఏడుస్తుంది, తిడుతుంది. మీరు అరవద్దు, జాలిపడి ఆగిపోవద్దు. చెప్పిన వేళకి తిరిగి రండి."

జగ్గారావు గాలిలో బరువుని ఆపుతున్నట్టు చెయ్యెత్తాడు. "అంటే అమ్మా, ఊగతన్న బరువుని అలాగే దింపీకూడదు, జడిసి ఒగ్గీకూడదు. ఊపు తగ్గిందాకా తాడు పట్టుకుని ఉండాల. అంతేనా?"

డాక్టరమ్మ నవ్వింది. "అంతే. కాకపోతే మీ చెల్లెలు బస్తా కాదు. ఆ తాడు ఆవిడే పట్టుకోవడం నేర్చుకోవాలి. అది మేమిద్దరం చేసే పని."

ఇంటికొచ్చిన పూటే జగ్గారావు సుత్తి పట్టుకున్నాడు. ఆరేళ్ళ అలవాటు మాటతో పోదు, కాళ్ళు వాటంతటవే పెరటివైపు పోతాయని అతనికి తెలుసు. అందుకే మేకులు.

మొదటి నెలలు ఎలా గడిచాయో చెప్తే నమ్మరు. "డూటీకెల్తన్నాను. రెండున్నరకి వొత్తాను" అని అతను గుమ్మంలో నిలబడి చెప్పేవాడు. అసిరమ్మ చొక్కా పట్టుకునేది, చొక్కా చిరిగేది. తిట్లు వీధి చివరిదాకా వెంటపడేవి. పోతమ్మా మిగతావాళ్ళూ అరుగుల మీద సినిమా చూసినట్టు చూసేవాళ్ళు. "పూర్వం ఎంత గుట్టుగా ఎల్లీవోడు, ఇప్పుడేటీ బాగోతం!" అని బుగ్గలు నొక్కుకునేవాళ్ళు. జగ్గారావు చిరిగిన చొక్కాతోనే బస్సెక్కేవాడు, కళ్ళు తుడుచుకునేవాడు, రెండున్నరకి గుమ్మంలో ఉండేవాడు. ఓవర్‌టైము మానేశాడు, బతిమాలి ఎప్పుడూ పొద్దుటి షిఫ్టే వేయించుకున్నాడు. ఓడ పని ఆలస్యమైతే డ్యూటీ దిగిపోయే మనిషి చేత ఇంటికి కబురంపేవాడు. నారాయణమ్మ నీళ్ళ బిందెతో ఇల్లు చుట్టి చుట్టి నడుం పట్టేసినా, మేకులు పీకమని ఒక్కనాడూ అనలేదు. ఈ కథలో పతకం ఇవ్వాలంటే ముందు ఆమెకే ఇవ్వాలి.

మధ్యలో రెండుసార్లు పాత రోజులు తిరిగొచ్చాయి. ఒకసారి అసిరమ్మ మళ్ళీ చెయ్యి గాయం చేసుకుంది. జగ్గారావు కట్టు కట్టించి, ఇంక లాభం లేదనుకున్నాడు. అయినా గురువారం నాలుగింటికి బస్సెక్కించాడు. డాక్టరమ్మ తిట్టలేదు, గాబరా పడలేదు. ఆ గాయానికి ముందు గంటలో ఏం జరిగిందో అడిగింది, ఈసారి ఆ గంటలో ఇంకేం చెయ్యొచ్చో ఇద్దరూ వెతికారు. అసిరమ్మ కనిపెట్టిన ఉపాయాలు చిత్రంగా ఉండేవి. మంట రేగితే బావి దగ్గర నిలబడి బిందె తరవాత బిందె తలమీద గుమ్మరించుకునేది. తడిసిన కాకిలా వణుకుతూ వచ్చి, "వొదినా, ఇయ్యాల నిన్ను సంపీయాలనిపించింది. ఇప్పుడు తగ్గింది. కాపీ ఎట్టీ" అనేది. నారాయణమ్మ నవ్వాలో ఏడవాలో తెలియక కాఫీ పెట్టేది.

క్రమంగా చొక్కాలు చిరగడం తగ్గింది. తిట్లు వీధి చివరిదాకా కాక గుమ్మందాకానే వచ్చేవి. గురువారాలు అసిరమ్మ ఒక్కతే బస్సెక్కడం మొదలెట్టింది. గాజువాకలో ఒక బాలవాడికి ఆయా కావాలంటే వెళ్ళి చేరింది. అక్కడ తల్లులు పిల్లల్ని దింపి, ఏమార్చి జారుకోబోతే ఈమె వెంటపడి వెనక్కి తెచ్చేది. "సెప్పీసి ఎల్లమ్మా. ఏడిత్తే ఏడవనీ. నానున్నాను గదా" అనేది. వింటే జగ్గారావు ఛాతీ పొంగేది. పోర్టులో కనబడిన ప్రతివాడికీ చెప్పేవాడు.

అంతా కుదుటపడిందనుకుంటుండగా మానుతున్న గోరుచుట్టు మీద రోకటిపోటు పడింది. 1986లో భ్రమరాంబ భర్తకి హైదరాబాదు బదిలీ అయింది. ఆమె ఆరు నెలల ముందే అసిరమ్మకి చెప్పింది. తర్వాత చూడబోయే డాక్టర్ శ్రీరామ్మూర్తిని కూడా పిలిచి పరిచయం చేసింది. అసిరమ్మ మొహం తెల్లగా పాలిపోయిందట. రెండు గురువారాలు వెళ్ళలేదు. మూడో గురువారం వెళ్ళి గంటసేపు అరిచింది. డాక్టరమ్మ ఆ గంటా కూర్చుని, "వచ్చే గురువారం నాలుగింటికి ఉంటాను" అంది. అసిరమ్మ వెళ్ళింది. చివరి వారం దాకా వెళ్ళింది.

ప్రయాణం రోజున జగ్గారావు సెలవు పెడతానన్నాడు.

"వొద్దన్నియ్యా. నీ డూటీకి నువ్వెల్లు. నాను టేసనుకెల్లి బండెక్కించీసి, నాలుగింటికి ఇంటికొత్తాను" అంది అసిరమ్మ.

ఆ వేళ వించి మీద అతని చేతులు పని చేశాయి గానీ మనసు వాల్తేరు స్టేషను ప్లాట్‌ఫారం మీదే ఉంది. రైలు పట్టాలు కళ్ళముందు మెదిలేవి. తాతబాబు ఒక సైగని రెండుసార్లు చెయ్యాల్సొచ్చింది. రెండున్నరకి ఇంటికొచ్చి, తలుపు తాళం తీసి కూర్చున్నాడు. నారాయణమ్మ పుట్టింటికి వెళ్ళింది. నాలుగైంది. అసిరమ్మ రాలేదు. నాలుగున్నర. వీధి చివరిదాకా వెళ్ళి చూశాడు. అయిదైంది. ఇరవయ్యేడేళ్ళ మనిషి గంట ఆలస్యమైతే కొంప మునిగిందా అని మీరనొచ్చు. ఆసుపత్రి వరండాలో రెండుసార్లు నిలబడిన అన్నని అడగండి.

అతని కాళ్ళు వాటంతటవే సందులోంచి పెరట్లోకి నడిచాయి. బావి గట్టు మీద రెండు చేతులూ ఆన్చి లోపలికి వంగాడు. అడుగున నీళ్ళు, నీళ్ళలో తన మొహం. ఇంకేమీ లేదు. అయినా తల తిప్పుకోలేక అలాగే చూస్తున్నాడు.

"బావిలో ఏటి సూత్తన్నావన్నియ్యా?"

వెనక్కి తిరిగాడు. అసిరమ్మ. కళ్ళు ఉబ్బి ఎర్రగా ఉన్నాయి. ఒక చేతిలో సంచీ, సంచీలోంచి చేప తోక బయటికి కనబడుతోంది.

"అయిదైపోనాదే!" అన్నాడు.

"రైలు గేటు పడిపోనాది. బస్సు ఆగిపోనాది. కబురంపుదామంటే మనిసి లేడు." సంచీ బండ మీద పెట్టింది. "ఆలీసమైతే ఒగ్గేసినట్టు కాదన్నియ్యా. అదేటి, నీకు తెల్దా?"

జగ్గారావు బావి గట్టు మీద కూలబడ్డాడు. ఏడుస్తూ నవ్వాడు, నవ్వుతూ ఏడ్చాడు. అసిరమ్మ పక్కన కూర్చుంది.

"ఏడిసినావా?" అని అడిగాడు.

"ఏడిసినాను. డాక్టరమ్మ కిటికీలోంచి, ఎల్లొత్తానమ్మా అన్నాది. బండి కదిలినాక బెంచీ మీద కూకుని సానాసేపు ఏడిసినాను. తరవాత ఆకలేసింది. ఇడ్లీ తిన్నాను. సేపలు బాగున్నాయని కొన్నాను."

"అంతేనా?"

"అంతే. ఇంకేటి సెయ్యాల?"

ఇంకేం చెయ్యాలి! జగ్గారావుకి ఆ క్షణాన పోర్టులో ఓడలన్నీ ఒక్కసారి కూత పెట్టాలనిపించింది. తను పోగొట్టుకుంటానని పదేళ్ళు వణికిన మనిషి పక్కన కూర్చుని చేపలకి చింతపండు ఉందా అని అడుగుతోంది.

"అన్నియ్యా, ఇంక ఆ మేకులు పీకీ. వొదిన నడుం పడిపోతంది" అంది.

ఆ సాయంత్రం మేకులు తుప్పుపట్టి ఊడిరాక జగ్గారావు నానా తంటాలూ పడ్డాడు. వీధి మళ్ళీ నవ్వింది. "ఏటి జగ్గారావూ, దొంగలు పోనారా?" అని పోతమ్మ కేకేసింది. "పోనారప్పా!" అని ఇతను అంతకన్నా గట్టిగా అరిచాడు. అసిరమ్మ పులుసు గిన్నెడు తీసుకెళ్ళి పోతమ్మకి ఇచ్చింది.

మర్నాడు పొద్దున్న జగ్గారావు డ్యూటీకి బయల్దేరాడు. పెరటి తలుపు తెరిచి ఉంది, బస్సు అటువైపే. రెండడుగులు వేసి ఆగాడు. వెనక్కొచ్చి, వీధి గుమ్మంలో నిలబడి ఎప్పటిలాగే అన్నాడు.

"డూటీకెల్తన్నాను. రెండున్నరకి వొత్తాను."

"ఊ" అంది అసిరమ్మ. బియ్యంలో రాళ్ళేరుతోంది. తల ఎత్తలేదు.

జగ్గారావు కాస్త నిలబడ్డాడు. నిజం చెప్పాలంటే కొంచెం చిన్నబుచ్చుకున్నాడు. "ఏటే, మొకమైనా సూడవా?"

"వొత్తావు గదా. బేగి ఎల్లు, బస్సు పోతాది" అంది అసిరమ్మ, చేటలోంచి ఒక రాయి తీసి పారేస్తూ.